సముద్రం మీద తగువు

ఒక మొగ. ఆ మొగ పక్కన ఒక పల్లె. ఏ మొగ, ఏ పల్లె అని అడక్కండి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఒడ్డమ్మట నడిచేవాళ్లకి అలాంటివి చాలా తగులుతాయి. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసక మేట, మేట వెనక నిలకడ నీళ్లలో వరసగా కట్టేసిన ఫైబరు బోట్లు, ఒడ్డున సరుగుడు తోట, తోట అంచున గంగమ్మ గుడి.

ఆ పల్లెలో పోలమ్మ అని ఒక మనిషి. మొగుడు పోయాక చేపల తట్ట నెత్తికెత్తుకుని ఊళ్లు తిరిగి కొడుకుని సాకింది. పద్దెనిమిదేళ్లు నిండాక వాడు సరంగు అప్పన్న బోటులో కళాసీగా ఎక్కాడు. భాద్రపద అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం, చందువలు నిండుగా పడిన సంబరంలో తిరిగొస్తున్న ఆ బోటు మొగ దగ్గర బోల్తా కొట్టింది. అయిదుగురిలో నలుగురు ఈదుకుని ఒడ్డెక్కారు. అయిదోవాడు పోలమ్మ కొడుకు.

పెద్దకర్మ అయిన మర్నాడు పోలమ్మ వచ్చి ఊరిపెద్ద లచ్చన్న అరుగు మీద కూర్చుంది.

"తగువు పెట్టాల తాతా," అంది.

"ఎవుల మీదమ్మా?"

"సముద్రం మీద."

లచ్చన్నకి ఎనభై దాటాయి. ఇంజన్లు రాని రోజుల్లో తెప్ప కట్టుకుని వెళ్లిన మనిషి. నీకు మతి పోయిందా అని అనలేదు. "పెడదాం. ఎల్లుండి పున్నమి, కోడి కూసే ఏలకి ఒడ్డునే కూకుందాం. పెతివాదిని ఊళ్లోకి పిలిస్తే మరి ఊరు మిగల్దు," అన్నాడు.

పున్నమి తెల్లవారుజామున ఊరంతా ఇసకలో గొంతుక్కూర్చుంది. పోలమ్మ లేచి, కొంగు బిగించి, "నా కొడుకుని ఇది తినీసింది. దీనికి సిచ్చ ఎయ్యండి," అని వేలు పెట్టి చూపించింది.

సముద్రం తీరిగ్గా జవాబిచ్చింది. "ఒద్దనను. ఎయ్యండి. గానీ నాను ఒంటిగా ఏ పనీ సెయ్యను. ఆ రోజు నాతో ఉన్నోళ్లందర్నీ పిలవండి. అందరి మాటా ఇని అప్పుడు తీర్పు సెప్పండి."

ముందుగా చందమామని పిలిచారు. పడమటి తాళ్ల మీదికి వాలిపోతున్నవాడు ఒక్క నిమిషం ఆగాడు. "ఆ రోజు నేను మీకు కనపడలేదు, అంతే. ఊరుకోలేదు. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువ ఎక్కుతుంది, పాటు ఎక్కువ దిగుతుంది. ఏడాది ముందే పంచాంగంలో రాయించి పెట్టాను. మీ ఇళ్లలో గోడకి వేలాడుతున్న క్యాలెండర్లో నల్ల చుక్క పెట్టి మరీ చూపించాను," అని చెప్పి వెళ్లిపోయాడు.

తర్వాత ఏరు వచ్చింది. ఇంకా ఎర్రగానే ఉంది. "కొండల మీద వానలు కురిసినాయి. నా నీరు నాకుంది. పోటులో పైకెక్కిన ఉప్పునీరు పాటు ఏల తిరిగెళ్లాల. ఆ రెండూ ఒక్క సందులోంచే బయటికి ఉరకాల. ఆ ఏల ఎదురుగా కెరటం వొస్తే దాని కాళ్లకి నాను అడ్డం పడతాను. అది పొట్టిగా, నిలువుగా, గోడ లాగ లేస్తాది. దాచలేదు బావూ. ఎర్ర నీటికీ నీలి నీటికీ మజ్జిన తెల్ల నురగ గీత గీసి చూపించినాను."

ఇసక మేట సాక్ష్యం పొట్టిది. "నాకు ఇల్లు లేదు. మొన్నటి వరదకి దక్షిణం పక్కకి జరిగాను. పొద్దున్న మీరు బయటికెళ్లేటప్పుడు పోటు, నా మీద బోలెడు నీరు. తిరిగొచ్చేసరికి నా నడుం మీద కొంగలు నిలబడి ఉన్నాయి. కొంగ మోకాలు కనిపిస్తుంటే లోతెంతో ఇంకా ఎవరు చెప్పాలి?"

గాలిని పిలిస్తే అది అసలు రానంది. "ఆ రోజు నేను పనిలోనే లేను. సరుగుడాకు కదిలిందా, అడగండి." జనంలో గుసగుసలు బయల్దేరాయి. గాలి లేని రోజున అంతంత కెరటాలు ఎక్కడివి?

దానికి జవాబు కెరటమే చెప్పాలి. కానీ ఆ రోజు విరిగిన కెరటం ఆ రోజే ఇసకలో ఇంకిపోయింది. దాని చెల్లెలు వచ్చింది.

"మా అక్కది ఈ ఊరు కాదు," అంది చెల్లెలు. "దక్షిణాన, చాలా దూరాన, మీరు పేరైనా వినని చలి సముద్రంలో గాలివాన కొడితే పుట్టింది. వారం రోజుల పైచిలుకు నడిచింది. మేం ఎప్పుడూ ఒంటరిగా నడవం. చిన్నవాళ్లం కొందరం ముందు వస్తాం, వెనక పెద్దవాళ్లు నలుగురైదుగురు వస్తారు, ఆపైన కొంచెంసేపు తెరిపి. లోతు నీళ్లలో మా అక్క ఈ బోటు కిందుగానే పోయింది. బోటులో వాళ్లు వల సర్దుకుంటున్నారు, గమనించనైనా లేదు. ఒడ్డు దగ్గర నేల కాలికి తగిలింది. నడక తగ్గింది, ఒళ్లు పెరిగింది. బోటు వెనక భాగాన్ని ఎత్తింది. బోటు జారింది, ముక్కు నీళ్లలో దిగబడింది, వెనక తట్టు పక్కకి విసురుకుపోయి అడ్డం తిరిగింది. అడ్డం తిరిగిన బోటు మీద విరిగింది మా రెండో అక్క."

ఎవరూ మాట్లాడలేదు. ఈదుకొచ్చిన నలుగురిలో ఒకడు తలకి చుట్టిన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

తర్వాత వస్తువుల వంతు. బోటు యజమాని ఫోను లేచి, "రెండు రోజుల ముందే నాకు కబురొచ్చింది. పెద్ద కెరటాలొస్తాయి, మొగల దగ్గర జాగ్రత్త అని తెలుగులోనే ఉంది. ఈయన చదివాడు. పై గ్రూపులోంచి కింది గ్రూపులోకి పంపాడు. అప్పన్నకి మాత్రం చెప్పలేదు," అంది. అటక మీంచి అయిదు లైఫ్ జాకెట్లు దిగొచ్చాయి. ఒకదాని మీద మేకపిల్ల వెంట్రుకలున్నాయి. "మమ్మల్ని తొడుక్కుంటే వల లాగలేమన్నారు. ఒప్పుకుంటాం, ఒంటిని పట్టేస్తాం. కానీ మొగ దాటేటప్పుడు ఎవరూ వల లాగరు కదా!"

అప్పుడు సముద్రం మళ్లీ మాట్లాడింది. "ఇన్నారు కదా. నాకు పగ లేదు. జాలీ లేదు. ఉన్నాదని నాను ఏ రోజూ సెప్పలేదు. జరిమానా ఏస్తే కడతాను. ఎక్కడ కట్టాలో సెప్పండి."

పోలమ్మ దాని వైపు చూడనే లేదు. జనం వైపు తిరిగింది. "దానికి జాలి నేదని నాకు తెల్సు. ఇన్ని తెలిసినోళ్లకి ఏమయినాది?"

అందరి కళ్లూ అప్పన్న మీదికి పోయాయి. అప్పన్న లేచాడు. పాతికేళ్లుగా చుక్కాని పట్టిన మనిషి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"నురగ గీత సూసినాను. కొంగల్నీ సూసినాను. బయటే ఆగి, పోటు తిరిగినాక లోపలికెళ్దామనుకున్నాను. లంగరు మీద సెయ్యేసినాను."

"ఏసి?"

"రెండు గంటలకి ఐసు బండి ఎలిపోతాది. షావుకారు ఫోను మీద ఫోను సేస్తన్నాడు. అయినా ఆగేవోణ్ణే తాతా. ఎర్రయ్య గుర్తొచ్చినాడు."

ఎర్రయ్య సంగతి ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. వాడూ సరంగే. కిందటేడు ఇలాగే మొగ బయట లంగరు దించి సాయంత్రం దాకా ఆగాడు. చేపలు మెత్తబడ్డాయి, వేలంలో సగం ధర కూడా పలకలేదు. కళాసీలు అలిగారు. ఆ రోజు నుంచి ఊళ్లో వాడి పేరు లంగరోడు. వాడి పెళ్లాం నీళ్లకి వెళ్తే "లంగరోడి ఇంటిది" అని బోరింగు కాడ ఆడవాళ్లు, వాడి కూతురు బడికి వెళ్తే "లంగరోడి గుంట" అని పిల్లలు. మగవాళ్లయితే వాడు ఎదురైనప్పుడల్లా గొలుసు లాగినట్టు చెయ్యి ఆడించేవారు.

"నాను ఆగితే నన్నూ అలాగే పిలుస్తారనిపించింది. సెయ్యి తీసీసినాను," అన్నాడు అప్పన్న. "ఆ సెయ్యి ఇదే."

లచ్చన్న చాలాసేపు ఇసకలో పుల్లతో గీశాడు. "ఎర్రయ్యకి ఆ పేరు ఎవులెట్టినారు?" అని అడిగాడు.

అందరూ పక్కవాడి వైపు చూశారు. పెట్టినవాడు ఎవడో ఒకడే అయుంటాడు. నవ్వినవాళ్లు మాత్రం ఊరంతా. చివరికి నోరు విప్పింది పోలమ్మ.

"నానూ నవ్వినాను," అంది.

లచ్చన్న తీర్పు చెప్పాడు. సముద్రం మీద పెట్టిన తగువు చెల్లదన్నాడు. అది చెప్పాల్సిందంతా ముందే చెప్పింది, చెప్పించింది. అప్పన్న ఏడాదిపాటు చుక్కాని ముట్టకూడదు. ఎర్రయ్య బోటులో కళాసీగా ఎక్కాలి. ఎర్రయ్య లంగరు వెయ్యమన్నప్పుడు వేసే చెయ్యి అప్పన్నదే కావాలి. కబురు తెలిసీ సరంగుకి చెప్పని యజమాని పోలమ్మకి కొడుకు సంపాదన కింద ఏటా ఇంత అని కట్టాలి, బోటు బయట ఆగిన రోజున కళాసీల కూలీ, డీజిలూ తనే పెట్టుకోవాలి. ఆగి వచ్చిన చేపకి ఆలస్యమైందన్న వంక మీద ధర కోసే షావుకారు ఆ రేవులో మరి వేలం పాడకూడదు.

"ఊరికి?" అని ఎవరో అడిగారు.

"ఊరికి ఏటి ఎయ్యను? నవ్వుకి జరిమానా కట్టించుకునే సావిడి నాకాడ నేదు," అన్నాడు ముసలాయన. "ఎర్రయ్యని అడగండి."

ఎర్రయ్య బుర్ర గోక్కున్నాడు. ఆ పేరు ఇక ఎవరూ అనకూడదని తీర్మానం చేద్దామని కుర్రాళ్లు గొడవ చేస్తే వద్దన్నాడు. "అలవాటైపోయినాది. ఇప్పుడు ఎర్రయ్యా అని పిలిస్తే నాను పలకను. అదిగాక, మొగ బయట ఒక్కణ్ణే కూకుంటే పొద్దు పోవట్లేదు. ఈసారి నాతో పాటు ఇంకో నలుగురు లంగరోళ్లుంటే అదే పదివేలు."

పోలమ్మ మాత్రం తనకూ శిక్ష కావాలని పట్టుబట్టింది. ఎవరూ వెయ్యకపోతే తనే వేసుకుంది. ఆ రోజు నుంచి బోట్లు తిరిగొచ్చే వేళకి మొగ దగ్గర దిబ్బ ఎక్కి, పాటు దిగుతుంటే ఎర్రచీర ఊపుతుంది. అది కనిపిస్తే ఎంతటి సరంగయినా బయటే ఆగాలి. ఆగుతున్నారు.

నీతి

సముద్రానికి తప్పొప్పుల లెక్క లేదు. ఆ లెక్క చుక్కాని పట్టినవాడిది, వాణ్ని తొందరపెట్టేవాళ్లది, ఆగినవాణ్ని చూసి నవ్వేవాళ్లది. కథలో మాటలు కల్పించినవే. నీళ్లు చేసిన పని మాత్రం కల్పన కాదు.

మన ఉత్తరాంధ్ర ఒడ్డుకి మొగలు ఎక్కువ. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, విజయనగరం జిల్లాలో కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. మొగ లేని పల్లెల్లో బోటుని నేరుగా విరిగే కెరటాల్లోంచే దించాలి, వాటిలోంచే ఎక్కించాలి. నడి సముద్రం చూసి భయపడే జాలరి నాకు ఇంతవరకూ ఎదురవలేదు. గండమంతా ఇల్లు కనిపించే ఆ ఆఖరి అరకిలోమీటరులోనే. కోనాడకి దగ్గర్లోని చింతపల్లి ఒడ్డున 1847లో దీపస్తంభం కట్టారు, శాంతపల్లి రాళ్లని ఓడలు గుద్దుకోకుండా. రాయి కదలదు కాబట్టి దానికో దీపం పెట్టారు. ప్రతి వరదకీ చోటు మార్చే ఇసక మేటకి ఎవరు దీపం పెడతారు? దాన్ని ప్రతిరోజూ కళ్లతో చూసి చదువుకోవాల్సిందే.

కెరటం ఎత్తు గురించి ఒక పొరపాటు అవగాహన మన రేవుల్లో పాతుకుపోయి ఉంది. హెచ్చరికలో రెండు మీటర్ల అలలు అని వింటే, అంతకి మించి రావనుకుంటాం. లెక్క అది కాదు. వచ్చిన కెరటాల్లో పెద్దవైన మూడో వంతుని తీసుకుని, వాటి సగటు ఎత్తుని చెబుతారు. అంటే ఆ అంకెకి పైన ఉండే కెరటాలు కచ్చితంగా ఉంటాయి. గంటల తరబడి సముద్రంలో ఉన్నవాడికి దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్నది ఒక్కటైనా తగిలే అవకాశం ఉంది. రెండు అని విన్న సరంగు నాలుగుకి సిద్ధపడాలి. ఇక లోతు సంగతి. నీటి లోతు కెరటం ఎత్తుకి ఒకటింబావు రెట్లకి వచ్చేసరికి అది ఇక నిలబడలేదు, విరుగుతుంది. రెండు మీటర్ల కెరటం రెండున్నర మీటర్ల లోతులోనే విరిగి పడుతుంది. పాటు దిగాక మేట మీద అంతకంటే లోతు ఎక్కడుంటుంది?

తుపానుకి ఒక పేరుంటుంది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన్ని తుడిచిపెట్టిన తిత్లీ. పేరుతో వస్తుంది కాబట్టి జనం వింటారు, టీవీలు అరుస్తాయి, బోట్లు ఒడ్డెక్కుతాయి. కథలో చెల్లెలు చెప్పిన కెరటానికి పేరుండదు. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన ఉప్పెన అలలు వేల కిలోమీటర్లు దాటి, ఎండ కాస్తున్న రోజున, ఆకు కదలని వేళ మన ఒడ్డుకి వస్తాయి. కేరళవాళ్లు దీన్ని కల్లక్కడల్ అంటారు, దొంగ సముద్రమని. మనవాళ్లకీ ఆ దొంగతనం తెలియంది కాదు. కానీ గాలి లేదు కదా అన్న ధీమా బుద్ధిని కమ్మేస్తుంది.

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం దాటింది. ఆ రోజునే శ్రీకాకుళం జిల్లా జాలర్లు ఆరుగురు ఒడిశాలో కొత్తగా కొన్న బోటుని సముద్రం మీదుగా ఇంటికి తెచ్చుకుంటున్నారు. పెద్ద కెరటాలకి బోటు తిరగబడింది. కొందరు ఈదుకొచ్చారు, కొందరు రాలేదు. పోయినవాళ్లని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. అప్పు చేసి కొన్న కొత్త బోటు, అటు చూస్తే మన ఊరు, ఇంకాసేపట్లో చేరిపోతాం అన్న ఆశ ఏ మనిషినైనా ముందుకే తోస్తుంది. ఆశకి అడ్డం నిలబడే మాట బోటులో ఒక్కరైనా అనగలగాలి, అన్నవాడి మాట చెల్లాలి.

కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఒకటో నంబరు అనగానే ఒడ్డున ఉన్నవాళ్లం తేలిగ్గా తీసుకుంటాం. ఒకటే కదా! ఒకటో నంబరు అసలు ఒడ్డువాళ్ల కోసం కాదు. రేవుకి ఇప్పటికిప్పుడు ముప్పు లేదు, రేవు వదిలి బయటికెళ్లేవాడికి మాత్రం దూరాన వాయుగుండం లాంటిది ఎదురవ్వచ్చు అని దాని అర్థం. బయల్దేరబోయే సరంగుకి అన్నిటికంటే ముఖ్యమైన అంకె అదే.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలల హెచ్చరికలు, ఉప్పెన హెచ్చరికలు ఇస్తోంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సూచనలూ ఆ సంస్థవే. ఆ రెండో కబురుకి మనవాళ్లు చెవి కోసుకుంటారు, మొదటిదాన్ని కిందికి జరిపేస్తారు. అది వేరే సంగతి. ఏడు మీటర్ల లోపు వెడల్పున్న చిన్న పడవల కోసం ఇప్పుడు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఉంది. అలల ఎత్తు ఒక్కటే కాకుండా వాటి నిలువుదనం, అవి ఎన్ని దిక్కుల నుంచి కలగాపులగంగా వస్తున్నాయన్నది, గాలి ఎంత వేగంగా పుంజుకుంటోందన్నది కలిపి లెక్కగట్టి, ఏ చోట పడవ తిరగబడే ప్రమాదముందో పది రోజుల ముందు వరకు చెబుతారు. మంచి పని. అయితే ఆ లెక్క సముద్రం మొత్తానిది. మీ ఊరి మేట నిన్నటి వరదకి ఏ పక్కకి జరిగిందో హైదరాబాదుకి తెలియదు. ఫోనులో పచ్చరంగు చూసి మొగలోకి దూకినవాడు, ఎర్రరంగు చూసీ వెళ్లినవాడు ఇద్దరూ ఒకటే పని చేశారు. తమ కళ్లని ఇంట్లో వదిలేశారు.

ఆగాలా, వెళ్లాలా అన్నది ఎవరు తేల్చాలన్న తగువుని పెద్ద ఓడల ప్రపంచం ఎప్పుడో తీర్చుకుంది. 1912లో టైటానిక్ మునిగాక పుట్టిన సోలాస్ ఒప్పందంలో ఇప్పుడొక నిబంధన ఉంది. ప్రాణరక్షణ కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి ఓడ యజమాని గానీ, దాన్ని అద్దెకి తీసుకున్నవాడు గానీ, కంపెనీ గానీ అడ్డు రాకూడదు. ఆగుతానంటే ఆగాల్సిందే. లక్షల టన్నుల సరుకున్న ఓడకి దొరికిన ఆ హక్కు అయిదుగురున్న ఫైబరు బోటు సరంగుకి ఏ చట్టం రాసివ్వలేదు. ఊరే ఇవ్వాలి. ఊరు ఇవ్వడమంటే డబ్బుతో ఇవ్వడం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. మిగతా ఏడాదిలో సరంగు తన బుద్ధితో ఆగిన రోజుకి భృతి లేదు, నష్టమే ఉంది. ఆ నష్టాన్ని కళాసీ మీదో, సరంగు మీదో రుద్దినన్నాళ్లు లైఫ్ జాకెట్లు అటక దిగవు, హెచ్చరికలు గ్రూపులు దాటవు. ఇక్కడ గిట్టుబాటు కాకనే మనవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోతున్నారు. 2018 చివర్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరి దాకా జైల్లో మగ్గింది అక్కడి బోట్లలో వెళ్లే. అంత దూరం పోయి పరాయి బోటు ఎక్కేవాడికి, సొంత ఊరి రేవులో ఒక పూట ఆగే స్తోమత అయినా మనం కల్పించలేమా?

షావుకార్ల మీదా, యజమానుల మీదా నెపం పెట్టి పట్నంవాళ్లం తప్పుకోవడానికి లేదు. కార్తీక మాసంలో భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి ఒడ్డులకి పిక్నిక్‌కి వెళ్లి, బోటువాణ్ని పట్టుకుని, "మరో వంద ఇస్తాం, ఆ కెరటాల దాకా ఒక్క రౌండు" అని బతిమాలేది మనమే. వాడు కుదరదంటే పిరికివాడని నవ్వేదీ మనమే. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాక కొన్నాళ్లు జాగ్రత్తపడ్డాం. మళ్లీ మామూలే. బోటువాడు "ఇవాళ వద్దు బాబూ" అంటే, ఆ మాట అన్నందుకు వాడు పోగొట్టుకున్న కిరాయి ఎంతో గుర్తుంచుకుని దండం పెట్టి వెనక్కి రండి.

బోటున్న ప్రతి ఇంటికీ ఒక విన్నపం. సముద్రంలో ఆపద వస్తే పిలవాల్సిన కోస్ట్‌గార్డు నంబరు 1554. దీనికి డబ్బులు పడవు. బోటులో వెళ్లేవాడి ఫోనులో కంటే ముందు ఇంట్లో ఉండేవాళ్ల ఫోనులో దాన్ని దాచండి. ఎవరెవరు వెళ్లారు, ఎటు వెళ్లారు, ఏ వేళకి రావాలి అన్నది బయల్దేరేముందు ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లమనండి. వేళ దాటినా బోటు రాకపోతే ఆ ఫోను చేయాల్సింది ఒడ్డున ఉన్నవాళ్లే.